మెట్ల మీద మాట్లాడిన ఎస్తేరమ్మ గారు

ఎస్తేరమ్మ గారు నలభై ఏళ్ళకు పైగా ప్రతి ఆదివారం వెళ్ళిన మందిరంలో, ఆవిడను ఒక్కసారి కూడా లేచి మాట్లాడనివ్వలేదు. పాడనిచ్చారు, ఊడ్వనిచ్చారు, జంపఖానాలు దులపనిచ్చారు. మాట్లాడనివ్వలేదు. ఇది అన్యాయం. ముందు ఈ మాట అనేస్తే గాని మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడదు.

ఇది రాస్తుంటే కూడా వాళ్ళ వారం మధ్య ప్రార్థన పాట వినబడుతూనే ఉంది. తిరువూరులో మా కిరాణా కొట్టు వెనక సందులోనే ఆ మందిరం. ఊళ్ళో మిగతా చర్చిల్లో మైకులూ, డోలక్కులూ, కీబోర్డులూ ఉంటాయి. వీళ్ళకు అవేమీ లేవు, వట్టి గొంతులే. విస్సన్నపేట వైపు పోయే మామిడి లారీ హారన్ కొట్టినప్పుడల్లా ఆ పాట మునిగిపోయి మళ్ళీ తేలుతుంది. ఆ గొంతుల్లో ఎస్తేరమ్మ గారిది నేను కొట్లో కూర్చునే పోల్చుకునేవాణ్ణి. కొంచెం బొంగురు, అందరికన్నా ఒక్క అరక్షణం ముందు. నిరుటి నుంచి అది లేదు.

మీరు ఆవిడను చూసి ఉండరు. సర్కారు ఆసుపత్రిలో నర్సు. పొట్టి మనిషి, తెల్లచీర, భుజాన గుడ్డసంచి. సంచిలో ఏముంటుందనుకుంటున్నారు? ఒక చిన్న ముక్కాలిపీట. నేను ఐదో తరగతితో చదువు మానేసి మా మావయ్య కొట్లో చేరాను. ఆవిడను సరిగ్గా చూసేనాటికి నాకు మీసాలొచ్చాయి. ఆ రోజుల్లో ఆవిడ ఉండే దళితుల పేట వాళ్ళు మా కొట్టు అరుగు కింద నిలబడి సరుకులు కొనుక్కునేవాళ్ళు. ఎక్కొద్దని ఎవరూ అనేవాళ్ళు కాదు, ఎక్కమనీ అనేవాళ్ళు కాదు. ఆవిడ ఒకనాడు తిన్నగా అరుగెక్కి, పీట తీసి వేసుకుని కూర్చుంది. మావయ్య తక్కెడ పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“ఏంటి నర్సమ్మా, ఇక్కడ కూర్చున్నావు?”

“పొద్దుటిదాకా నిలబడే పురుడు పోశానండి, మీ పక్కింటి కోడలికి. మగపిల్లాడు. ఇప్పుడు కూర్చుని కందిపప్పు కొంటాను.”

పక్కింటి వాళ్ళు మాకు దగ్గర చుట్టాలు. మావయ్య కందిపప్పు కట్టి, ఆవిడ చేతికే ఇచ్చాడు. ఆవిడ వెళ్ళాక నా మీద విరుచుకుపడ్డాడు, నవ్వినందుకు.

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ఎక్కువ. బస్సులో కండక్టరుతో, మార్కెట్లో దళారీతో, సినిమా హాల్లో గేటు దగ్గర మనిషితో, ఎక్కడైనా సరే, నరాలు పొంగేలా అరిచి ఓడిపోయి వచ్చేవాణ్ణి. ఒకసారి గోనెసంచుల కుర్రాడితో అలాగే అరుస్తుంటే ఆవిడ వక్కపొడి కోసం వచ్చి అంతా విన్నది. “కోటేశ్వర్రావూ, నీ దగ్గర కోపం బోలెడుంది. మాటలే లేవు. కాసిని మాటలు సంపాదించుకోరాదూ?” అంది. నాకు ఒళ్ళు మండింది. మండినా, ఆ సాయంత్రం నుంచే పొట్లాలకు వచ్చిన పాత పేపర్లు చింపే ముందు చదవడం మొదలుపెట్టాను. ఎవరిదో వీక్లీ సగం కథ, ఎవరో పారేసిన పరీక్షల గైడు, కోర్టు వార్తలు, పంటల పేజీ. ఆవిడ వచ్చినప్పుడల్లా, “ఇవాళ ఏం దొరికింది?” అని అడిగేది. దొరికింది చెప్పాలి, నా మాటల్లో చెప్పాలి. తప్పు చెబితే ముఖం చిట్లించేది కాదు. “మళ్ళీ చెప్పు, నాకు అర్థం కాలేదు” అనేది. నాకు బడి అంటే అదే.

వాళ్ళ పేటలో కొళాయి లేదని నీళ్ళ ఇంజినీరు ఆఫీసుకు వెళ్ళినప్పుడు నన్నూ రమ్మంది. నేను తయారుగా వెళ్ళాను, చొక్కా చేతులు మడిచి. గుమ్మంలోనే నా మోచెయ్యి పట్టుకుంది. “నిలబడి అరిచే వాణ్ణి బయటికి నెట్టడం సులువు, అబ్బాయ్. కూర్చున్న వాణ్ణి లేపడం కష్టం. కోప్పడితే కూర్చుని కోప్పడు.” ఇంజినీరు గారి బల్ల ముందు పీట వేసుకుంది. నేను పక్కన నేల మీద చతికిలబడ్డాను. ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు.

“ఏంటమ్మా ఇది, పీట తెచ్చుకున్నావు?”

“మీరు కుర్చీ వెయ్యలేదు గదండీ, నేనే తెచ్చుకున్నాను. కొళాయి కూడా మీరు వెయ్యకపోతే నేనే తెచ్చుకోవాలి. అది ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని వచ్చాను.”

గుమాస్తాలు నవ్వారు. ఆయనా నవ్వాడు, నవ్వాక ఇక కసరలేకపోయాడు. ఆ వేసవి దాటకముందే పేటలో కొళాయి పడింది. ఇలాంటివి ఆవిడ ఎన్ని సాధించిందో నాకు తెలుసు. ఆఫీసుల్లో, ఆసుపత్రిలో, పోలీసుస్టేషన్లో ఆవిడ మాట విననివాళ్ళు లేరు.

ఆవిడ పోయినప్పుడు నేను కంటి ఆపరేషన్‌కు బెజవాడలో ఉన్నాను. వచ్చేసరికి సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది. సరే, వచ్చే ఆదివారం మందిరానికి వెళ్తే ఆవిడ గురించి నాలుగు మాటలైనా వినొచ్చని, ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాను. జీవితంలో అదే మొదటిసారి. మా నాయనమ్మతో చిన్నప్పుడు నెమలి అనే ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళినవాణ్ణి, గుడి అంటే నాకు గంట, హారతి, పూలు. ఇక్కడ గోడకు బొమ్మ లేదు, సిలువ కూడా లేదు. పాస్టరంటూ ఎవరూ లేరు. మగవాళ్ళు ఒకవైపు, ముసుగులేసుకున్న ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యలో తెల్లగుడ్డ కప్పిన చిన్న బల్ల. దాని మీద ఒక రొట్టె, ఒక గిన్నె. నన్ను మర్యాదగా వెనక వరసలో కూర్చోబెట్టారు.

ఆ రొట్టె పళ్ళెం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. నేను ప్రసాదం పుచ్చుకున్నట్టు కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పెట్టి చాపాను. పక్కాయన పళ్ళెం నా చేతుల మీదుగా దాటించేశాడు. పంక్తిలో కూర్చోబెట్టి విస్తరి దాటిపోయినట్టు నాకు చెవులు వేడెక్కాయి. అది బాప్తిస్మం పొందినవాళ్ళకేనని తర్వాత చెప్పారు. అది వాళ్ళ పద్ధతి, దానికి నేను కోప్పడను.

కోపం వచ్చింది ఆ తర్వాత. పాట అయ్యాక అందరూ మౌనంగా కూర్చున్నారు. ఒకాయన లేచి ప్రార్థన చేసి కూర్చున్నాడు. మళ్ళీ మౌనం. ఇంకొకాయన లేచి నాలుగు మాటలు చెప్పాడు. ఎవరూ పిలవకుండానే లేస్తున్నారు. ఓహో, ఇక్కడ ఎవరికి తోస్తే వాళ్ళు లేచి మాట్లాడొచ్చన్నమాట అనుకుని నేనూ లేచాను. “ఎస్తేరమ్మ గారి వల్ల నేను చదవడం నేర్చుకున్నానండి” అని మొదలుపెట్టి, కందిపప్పు దాకా వచ్చాను. ఆడవాళ్ళ వైపు ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు సంఘం పెద్ద ఇశ్రాయేలు గారు మెల్లగా, “అయ్యా, దయచేసి కూర్చోండి” అన్నారు.

ఆరాధన అయ్యాక ఆయనే దగ్గరికి వచ్చారు. “ఇక్కడ మనుషులను పొగడమండి. పైగా మీరు విశ్వాసి కాదు గదా. కొత్తవారు, తెలియదు, ఏమీ అనుకోకండి.”

“ఆవిడ విశ్వాసే గదండీ. ఆవిడ ఎప్పుడైనా మాట్లాడారా ఇక్కడ?”

“సంఘంలో స్త్రీలు మాట్లాడరండి. వాక్యం ఒప్పుకోదు.”

“ఊరంతటి ముందూ మాట్లాడింది. దేవుడికి ఆవిడ గొంతు కొత్తా?”

ఆయన నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ పూట వచ్చిన నాకు, విగ్రహాలకు దణ్ణం పెట్టేవాడికి, మగవాణ్ణి గనక ఒక నిమిషం దక్కింది. ఆవిడకు అది కూడా దక్కలేదు. బయట చెప్పులేసుకుంటుంటే రూతమ్మ అనే ఆవిడ, ఎస్తేరమ్మ గారి దగ్గర పని నేర్చుకున్న నర్సే, నా పక్కకు వచ్చి చెప్పింది. “బాబాయి గారూ, లోపల మీటింగు అయ్యాక ఈ మెట్ల మీద ఆవిడ మీటింగు ఉండేదండి. ఎవరి మొగుడు తాగుతున్నాడో, ఎవరి పిల్ల బడి మానిందో, అన్నీ ఇక్కడే తేలేవి. మాకూ ఆవిడ గురించి చెప్పాలనే ఉంది. లోపల చెప్పాలనుంది.”

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. అయ్యాక మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఇశ్రాయేలు గారు బయటికి రాగానే ఒకే మాట. “ఆవిడ గురించి ఈ గదిలో నన్ను మాట్లాడనివ్వండి.” అరవలేదు, లేవలేదు. బజార్లో బియ్యం కొట్టు శేషగిరి, “ఏం కోటేశ్వర్రావు, బాప్తిస్మం ఎప్పుడు?” అని ఎగతాళి చేశాడు. “నువ్వు నీళ్ళు మోసిన రోజు” అన్నాను. ఇంట్లో మా ఆవిడ, “మతం మారితే మారండి గాని, ఆదివారం కొట్టు ఎవరు తెరుస్తారో చెప్పి మారండి” అంది.

నేను మారలేదు. కాని ఎస్తేరమ్మ గారు ఇచ్చినవి రెండు నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. చేతికి ఏ కాగితం వచ్చినా చదవకుండా చింపను, ఎంత కోపమొచ్చినా కూర్చునే అడుగుతాను. ఈ వయసులో అంతకన్నా పెద్ద ఆస్తి నాకు కనబడదు.

నిన్న సాయంత్రం ఇశ్రాయేలు గారే మా కొట్టుకు వచ్చారు. కుర్చీ వేశాను. మంచినీళ్ళు తాగి, గొడుగు ఒళ్ళో పెట్టుకుని చెప్పారు.

“పెద్దలం కూర్చుని మాట్లాడుకున్నామండి. మీ మాట ఒక్కటే అయితే తోసేసేవాళ్ళమేమో. మా ఇంట్లో మా ఆవిడా అదే అడుగుతోంది, మిగతా ఇళ్ళల్లోనూ అదే వరస. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవరు. అందరూ కూర్చుని ఉండగానే, ఆ గదిలోనే, రూతమ్మ లేచి ఎస్తేరమ్మ గారి గురించి చెబుతుంది. తర్వాత ఏ ఆడమనిషి లేచినా కూర్చోమని మేం అనం. మీరూ రండి, కోటేశ్వరరావు గారూ. మాట్లాడటానికి కాదండి. వినటానికి.”