దొంగకాయలను పాఠం చేసిన సారు

లెక్కల సారు పోయారని మా బామ్మర్ది ఫోన్ చేస్తే, "పోరా, నా మీదనే నా విద్య సూపిస్తావా?" అని పెట్టేశాను. తప్పు వాడిది కాదు. పోయిన నెలలోనే నా కాలు విరిగిందని అబద్ధం చెప్పి, పుత్తూరు కట్టు కోసం వాడిచేత కారు పిలిపించి, కారు రాగానే ఎదురు నడిచి వెళ్లి ఎక్కినవాణ్ని నేను. వాడు మళ్లీ ఫోన్ చేసి ఏడ్చాడు. అప్పుడు నమ్మాను. సారు పోయింది తిరుపతిలో, ఇంట్లోనే. తెల్లారి కాఫీకి పిలిస్తే పలకలేదట.

ఈ సంతాపసభకు వచ్చిన మీలో చాలామందికి ఆయన యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పిన ప్రొఫెసరు. నాకు మాత్రం, ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేసిన నన్ను తీసుకెళ్లి బీఎస్సీ పిల్లల ముందు నిలబెట్టిన మనిషి.

నా పని బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడి తోటల్లో కాపు అంచనా కట్టడం. వ్యాపారి తోట తీసుకునే ముందు నేను చెట్టు చుట్టూ ఒక తిరుగు తిరిగి, కాయ ఎంతుందో చెబుతాను. కోత అయ్యాక చూస్తే పెద్ద తేడా ఉండదు. ఒకసారి బస్సులో నా పక్కన కూర్చున్న సారు ఈ సంగతి విని, దిగాల్సిన చోట దిగకుండా నా వెంట తోటకు వచ్చేశారు. చెట్టు కిందికి పోయేముందు చెప్పులు విప్పారు.

"ఇది గుడి కాదు సార్, ముల్లు గుచ్చుకుంటాది" అన్నాను.

"నాకు బడి కదప్పా" అన్నారు.

కొన్నాళ్లకు ఫోన్ వచ్చింది. "ఏమప్పా, గ్రాంటు వచ్చింది!"

"ఏం అంటు సార్? బేనీషానా, నీలమా? నాటేదానికి గుంతలు తీసినారా?"

"మామిడి అంటు కాదప్పా! కొత్త కోర్సు పెట్టుకోమని యూనివర్సిటీ వాళ్లు ఇచ్చే డబ్బు. పిల్లకాయల్ను బస్సులో తోటకు తెస్తా. చెట్టు సూసేది నువ్వు నేర్పియ్యాల."

ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు నవ్వాను. నాకు చదువు చెప్పలేక ఇద్దరు అయ్యవార్లు బదిలీ చేయించుకున్నారు మరి. కోర్సు కాగితాల్లో నా పేరు పక్కన 'సహ బోధకుడు' అని రాసి, చదువు అన్న గడిలో ఏం రాయమంటావని అడిగారు. "ఎనిమిది ఫెయిల్ సార్" అన్నాను. అట్లాగే రాశారు.

కోర్సు పేరు 'అంచనా'. తరగతిలో ఫార్ములాలు ఆయనవి, తోటలో చెట్లు నావి. పిల్లలు నన్ను మామా అనేవాళ్లు. సారు వాళ్ల వెనక నిలబడి, బస్సు టికెట్టు వెనకవైపు పెన్సిలుతో నేను చెప్పేది రాసుకునేవారు. "అట్లా తెలుస్తాది, అంతే" అంటే ఒప్పుకునేవారు కాదు. "ముందు యాడ సూసినావు? కొమ్మనా, ఆకునా?" అని ప్రాణం తీసేవారు. పిల్లలెవరైనా తెలీదంటే, "తెలీదను, తప్పులేదు. ఎంత తెలీదో కూడా చెప్పు" అనేవారు. ఆ మాట నా బుర్రకెక్కడానికి ఒక కాపు కాలం పట్టింది. ఇప్పుడు వ్యాపారులకు కాయ ఇంత అని చెప్పి, అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో కూడా చెబుతున్నాను.

గ్రాంటు ఏడాదికే. ఆపైన కొనసాగాలంటే కమిటీ వచ్చి చూసి సరే అనాలి. లేకపోతే బస్సూ లేదు, కోర్సూ లేదు. డిపార్టుమెంటులో కొందరు అప్పటికే "మామిడికాయల డిగ్రీ" అని నవ్వుతున్నారు. సారుకు ఇంకో ఏడాదే సర్వీసు. రిటైరయ్యేలోగా ఇది నిలబడితే చాలని ఆయన ఆశ.

కమిటీ వచ్చేవారం అన్నారు. ఆ ధైర్యంతో నేనొక పని చేశాను. రాలిన కాయలు ఏరి, పూలు కట్టే దారంతో ఒక చెట్టు కింది కొమ్మలకు వేలాడగట్టాను. పిల్లల లెక్క తలకిందులైతే కొన్నాళ్లు ఎగతాళి చేయొచ్చని. పిల్లల బస్సు వచ్చింది. దాని వెనకే ఒక కారు. అందులోంచి చెప్పాపెట్టకుండా కమిటీ దిగింది.

కమిటీ పెద్దాయన తోటంతా చూసి, సరిగ్గా ఆ చెట్టునే చూపించాడు. "దీంట్లో కాయ ఎంతుందో చెప్పండి. తర్వాత కోయించి చూద్దాం."

నేను మెల్లగా పిల్లల వెనక్కి జరిగాను. కాయలు కట్టింది నేనేనని చెబితే సారు పరువు పోతుంది, చెప్పకపోతే కోర్సు పోతుంది.

పిల్లలు చెట్టు చుట్టూ తిరిగారు. రాసుకున్నారు, కొట్టేశారు, మళ్లీ రాసుకున్నారు. చివరికి ఎప్పుడూ నోరు మెదపని కార్వేటినగరం పిల్ల ముందుకొచ్చింది.

"సార్, ఈ సెట్టు అబద్ధం సెప్తా ఉండాది."

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "చెట్టా?"

"అవును సార్. పక్క సెట్లలో పై కొమ్మల్లోనే కాపు జాస్తి. ఈడ మాత్రం మనిషి సెయ్యి అందేకాడికి గుత్తులు గుత్తులు, ఆ పైన మామూలే. ఈ కింది కాయలు దీనివి కావు." అంటూ ఒక కాయ పట్టి లాగింది. దారంతో సహా వచ్చింది.

అందరూ నా వైపు తిరిగారు. ఒక్కరంటే ఒక్కరు కూడా పక్కవాణ్ని అనుమానించలేదు, చూడండి!

సారు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు. "ఎన్ని కట్టినావప్పా?"

"లెక్కబెట్టలేదు సార్."

"సిగ్గులేదా? అంచనా అయినా చెప్పు!"

తర్వాత కమిటీ వైపు తిరిగారు. "కావాలని చెడగొట్టిన లెక్కను పట్టుకోవడం మా సిలబస్‌లో లేదండీ. ఈ నిమిషం నుంచి ఉంటుంది. పాఠం పేరు దొంగకాయలు."

పెద్దాయన నవ్వలేదు. ఏదో రాసుకుని కారెక్కి వెళ్లిపోయాడు.

పిల్లలు బస్సెక్కుతున్నారు. సారు నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చుని, నేనిచ్చిన పండు రెండు చేతులా పట్టుకుని చీకుతున్నారు. నేను ఏదో చెప్పబోతే, "పోతే పోనీలేప్పా. ఆ పిల్ల మాట్లాడింది సూసినావా?" అన్నారు. రసం మోచేతుల దాకా కారుతోంది. అప్పుడు ఆయన జేబులో ఫోన్ మోగింది. జిగురు చేతులు చూపించి, తీయమని సైగ చేశారు. తీసి ఆయన చెవికి ఆనించి పట్టుకున్నాను.

"చెప్పండి సార్... ఆ... ఆ సార్... అట్లాగే సార్... వచ్చే ఏడాది కోర్సులో దొంగకాయలు కూడా చేరుస్తాం సార్..."

అవతలి మాట నాకు వినపడలేదు. సారు మొహం మాత్రం విప్పారుతూ పోయింది. అవతల ఫోన్ పెట్టేశారు. నేను చెయ్యి తీయబోయాను. ఆయన తీయనివ్వలేదు. పండు పట్టుకున్న చేతులు గాల్లోనే ఉంచి, కళ్లు మూసుకుని, తల అట్లాగే నా అరచేతికి ఆనించి నవ్వుతూ కూర్చున్నారు.