ప్రపంచ సమాఖ్య పేజీలో మా నాయన బోరు

ఒక అంతర్జాతీయ క్రీడా సమాఖ్య పరువునూ, మా నాయన పరువునూ, మా గంగమ్మత్తతో నాకున్న చుట్టరికాన్నీ ఒక్క వేలి నొక్కుతో మంట గలిపిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. నేనే.

చిలమత్తూరు దగ్గర మా ఊళ్లోనే ఉంటూ బెంగళూరు కంపెనీ ఒకదానికి పనిచేస్తాను. తాడు లాగే పోటీలకు ప్రపంచమంతటికీ కలిపి ఒక సమాఖ్య ఉంది. దాని సోషల్ మీడియా పేజీ నడపడం నా ఉద్యోగం. అలాంటి పెద్ద సంస్థలు ఏం పోస్టు చేస్తాయో తెలుసా? కోటు వేసుకున్న ఒకాయన, కోటు వేసుకున్న ఇంకొకాయనతో చేయి కలిపే ఫోటో. మరుసటి వారం అదే ఇద్దరు చోట్లు మార్చుకుని నిలబడిన ఫోటో. ఆటగాళ్లు ఉండరు, చెమట ఉండదు, ఆఖరికి తాడు కూడా ఉండదు. ఆ పేజీకి లైకులు మా వేరుశనగకు వాన పడ్డట్టు పడేవి. అంటే ఎప్పుడో ఒకసారి, అదీ పక్కవాళ్ల చేన్లో.

"జ్యోతీ, జనం ఇలాగే మొహం చాటేస్తే ఈ పని ఇంకో కంపెనీకి ఇచ్చేస్తారంట" అని మా మేనేజరు ప్రకాశ్ అప్పటికే హెచ్చరించి ఉన్నాడు.

సరిగ్గా ఆ వారమే మా బోరులో మోటారు ఇరుక్కుంది. పైన వేరుశనగ చేను ఊడలు దిగి కాయ పట్టే వేళకు వాడిపోతోంది. నాయన కేకేస్తే ఊళ్లో సగం మంది వచ్చారు. మోటారుకు కట్టిన తాడు పట్టుకుని, మడమలు మట్టిలో దిగేసి, వెనక్కి వాలి లాగుతున్నారు. పచ్చచీర కట్టుకున్న గంగమ్మత్త, అంటే మా మేనత్త, గట్టు మీద నిలబడి "ఒగటేసారి గుంజండప్పా, తిన్న ముద్ద యాడ పోయింది" అని అదిలిస్తోంది. నేను ముచ్చటపడి వీడియో తీశాను. కింద ఇలా రాశాను: "మా నాయన బోరులో మోటారు ఇరుక్కునింది. ఊరంతా గుంజతాండారు. గంగమ్మత్త అరిచేదే గాని తాడు ముట్టేది లేదు."

నొక్కాను. నా సొంత పేజీలోకే అనుకున్నాను. ఫోనులో రెండు పేజీలూ ఉన్నాయన్న సంగతి నాకు తెలుసు, నా వేలికి తెలియదు.

కాసేపటికి ప్రకాశ్ ఫోను.

"జ్యోతీ, గంగమ్మ ఎవరు?"

"మా అత్త సార్. ఎందుకు?"

"సమాఖ్య అధ్యక్షుడు అడుగుతున్నాడు."

కాళ్ల కింద నేల బోరు గుంతంత లోతుకు దిగిపోయింది. పేజీ తెరిచి చూశాను. కోటు వేసుకున్న పెద్దమనుషుల నడుమ, లుంగీ ఎగ్గట్టుకుని మా నాయన. పేజీ దానంతటదే చేసిన అనువాదం ఇంకా అన్యాయం. బోరంటే విసుగనే అర్థం తీసుకుని, "మా నాన్నతో మహా విసుగు, అందుకే ఊరంతా కలిసి ఆయన్ను ఈడుస్తున్నారు" అని ప్రపంచానికి చాటింది. "పాపం, ఆ పెద్దాయన్ను వదిలేయండి" అని ఎవరో కన్నీళ్ల బొమ్మలు పెట్టారు.

"వెంటనే తీసెయ్" అన్నాడు ప్రకాశ్. తీసేద్దామంటే సిగ్నలు పోయింది. ఎండిన వేరుశనగ కట్టె వామి ఎక్కితే వస్తుందని ఎక్కాను. సగం దూరంలో జారి, వామితో సహా కిందికొచ్చాను.

"నువ్వేం జేస్తాండావు పాపా" అన్నాడు నాయన.

"ఉద్యోగం కాపాడుకుంటాండా నాయనా" అన్నాను, నోట్లోని పొట్టు ఉమ్ముతూ.

అంతలో సిగ్నలు దానంతటదే తిరిగొచ్చి, మళ్లీ ఫోను మోగింది. "తీసేశావా?"

"లేదు సార్, తీసేస్తాను."

"వద్దు. తాకొద్దు. ఆ పేజీలో ఇంతమందిని ఎప్పుడూ చూడలేదు."

నిజమే. ఎక్కడెక్కడి శిక్షకులో వచ్చి, చివరనున్న మనిషి వాలిన తీరు చూడమని తమ ఆటగాళ్లకు చెబుతున్నారు. ఆ చివరి మనిషి మా నాయన. పచ్చచీర శిక్షకురాలు ఏ దేశపు జట్టుదని అడుగుతున్నారు. ఇంతలో అధ్యక్షుడే వీడియో కాల్‌లోకి వచ్చాడు. చాలా కాలంగా ఆట చూపించడమే మరిచిపోయామని చెబుతుంటే నాయన నా చేతిలోని ఫోను లాక్కున్నాడు.

"ఏమప్పా, మీ పక్క వానలుండాయా?"

నేను అనువదించాను. ఆయన నవ్వి, వాళ్ల తాతదీ సేద్యమేనన్నాడు. "అట్లయితే మనోడే" అని నాయన ఫోను నా చేతిలో పెట్టి తాడు దగ్గరికి వెళ్లిపోయాడు. పొద్దు వాలేలోపు మోటారు బయటికొచ్చింది. బాగు చేయించి దింపాక నీళ్లు పడ్డాయి, చేను తేరుకుంది.

ఉద్యోగమూ నిలిచింది. కోటు ఫోటోలు తగ్గి, పేజీలో తాడు కనబడడం మొదలైంది. సమాఖ్య మా బడి ఆడపిల్లలకు పోటీ తాడు పంపింది. ఇప్పుడు సాయంత్రాలు వాళ్లు మైదానంలో లాగుతుంటే మేమంతా చూడ్డానికి వెళ్తున్నాం.

మిగిలింది గంగమ్మత్త. నేను రాసింది ఎవరో ఆమెకు చదివి వినిపించారు. నేరుగా ఇంటికొచ్చి కూర్చుంది.

"నేను తాడు ముట్టలేదని లోకమంతా చాటినావంట గదా."

"తప్పయిపోయింది అత్తా."

"తప్పేముండాది, నిజమే గదా. ఒగటి చెప్పు. ఆ వీడియోలో నేను కనపడతాండా. అరిచేదన్నా అరుస్తాండా. నువ్వు యాడుండావు?"

వీడియో మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూశాను. ఊరంతా ఉంది. నేను లేను.

కాబట్టి పాఠక మహాశయులారా, మా బోరు నీళ్లు చేతిలో పోసుకుని ప్రమాణం చేస్తున్నాను. నాలుగు చేతులు పడాల్సిన తాడు కనబడితే, ముందు ఫోను గట్టు మీద పెడతాను. వీడియో తీసే పని గంగమ్మత్తకు అప్పగిస్తాను.