మునెమ్మ ఇంటికి నేను వెళ్ళని సోమవారం

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే లేవనే చెబుతాను. ఇది జరిగిన తరువాత కూడా నా జవాబు మారలేదు. మా నాన్న కోలారులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యారు. మా ఇంట్లో దిష్టి తీయడం కూడా లేదు. కాబట్టి నేను రాసేది దయ్యం గురించి కాదు. దేని గురించో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇందులో నా తప్పు ఒకటుంది. దాన్ని దాచిపెడితే మిగతాది చెప్పి ప్రయోజనం లేదు.

సోషల్ వర్క్‌లో పీజీ ముగించగానే, పిల్లల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక అంతర్జాతీయ సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌గా చేరాను. కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, ఒక అద్దె ఇల్లే మా ఆఫీసు. మేము మందులివ్వం, వైద్యం చేయం. పల్లెల్లో, గని కూలీల ఇళ్ళ వరసలైన లైన్లలో తల్లుల దగ్గర కూర్చుని, బిడ్డకు జబ్బు చేసినప్పుడు వాళ్ళు పడిన కష్టాన్ని వాళ్ళ మాటల్లోనే రాసుకుంటాం. దాన్ని అధికారుల ముందు పెట్టి, కావలసింది అడుగుతాం. ఆ ఏడు మేము అడుగుతున్నది ఒక్కటే. కామసముద్రం వైపు పల్లెలకు దగ్గర్లో వారానికి ఒక్కరోజైనా పిల్లల డాక్టరు కూర్చోవాలి.

ఇంటర్న్‌లం ఇద్దరం. నేనూ, బెంగళూరు నుంచి వచ్చిన సహనా. సహన పొడుగ్గా ఉంటుంది. కురచ జుట్టు, గుండ్రటి కళ్ళద్దాలు. హాస్టల్ స్నేహితుల దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది, సగం కన్నడమే. నాకు తెలుగు ఇంటి భాష, కన్నడం బడి భాష, కేజీఎఫ్ వీధుల తమిళం కూడా వచ్చు. ఈ పని నా కోసమే పుట్టిందని మొదటి వారంలో అనుకున్నాను.

రెండో వారంలో చాంపియన్ రీఫ్స్ అనే గని పేటలో ఒక లైను ఇంటికి వెళ్ళాం. ఆ ఇంటి పిల్లవాడికి గాలి దుమ్ము లేచిన ప్రతిసారీ ఆయాసం వస్తుంది. నేను ఫారం తీసి ఒక్కొక్క ప్రశ్నే అడిగాను. ఆ తల్లి ఊఁ, లేదు, తెలీదు అంది. సహన వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని, చేటలోని చింతపండు గింజలు తీయడం మొదలుపెట్టింది. దీన్నేమంటారని అడిగి, దానికి ఏదో తప్పు మాట అంది. ఆ తల్లి పకపకా నవ్వింది. తరువాత అరగంట ఆగకుండా మాట్లాడింది. సహనకు తెలుగు రాయడం రాదు కాబట్టి అదంతా నేనే రాసుకున్నాను.

మా కోఆర్డినేటర్ ప్రమీలా మేడమ్ అది చదివి, "ఈ పిల్ల యాడికి పోయినా తలుపులు తెరుచుకుంటాయి చూడు," అన్నారు, సహన భుజం తట్టి. నివేదికలో కింద చిన్న అక్షరాలతో అనువాదం హేమలత అని నా పేరు పడింది.

ఆ తరువాత నేను లెక్కలు పెట్టడం మొదలుపెట్టాను. మేడమ్ ముందు ఎవరి పేరు పిలిచారు. ఆడవాళ్ళు ఎవరి చేతిలో మామిడికాయ పెట్టారు. నేను ఒక్కదాన్నే ఊళ్ళోకి పోతే, "కళ్ళద్దాలమ్మ రాలేదా?" అనేవాళ్ళు. కడుపు మండిపోయేది. సహన మంచిది కాకపోయి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. మధ్యాహ్నం తన డబ్బాలోది ముందు నాకే పెట్టేది.

ఒక శుక్రవారం సహన కామసముద్రం అవతల ఒక చిన్న పల్లెకు వెళ్ళింది. ఆ రోజు నేను వెళ్ళలేదు. అక్కడ మునెమ్మ అనే ఆమె కూతురు గౌరిని చూసింది. ఏడాదిన్నర పాప. పాదాలు ఉబ్బి ఉన్నాయి. చూసేవాళ్ళకు బిడ్డ బొద్దుగా ఉన్నట్టే అనిపిస్తుంది. బొటనవేలితో అదిమి తీస్తే మాత్రం గుంట అలాగే నిలిచిపోతుంది. పోషణ బాగా లోపించిన పిల్లలకు వచ్చే వాపు అది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుందని మాకు శిక్షణలో మొదటిరోజే చెప్పారు.

మునెమ్మ వెంటనే కదలలేకపోయింది. ఇంట్లో పట్టుపురుగులు గూడు కట్టే దశకు పండుకొస్తున్నాయి. పండిన పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరి చంద్రికలనే వెదురు తట్టల్లో వేస్తేనే గూళ్ళు కడతాయి. మొగుడు బెంగళూరులో పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో అత్త ఒక్కతే. సోమవారం తాను వచ్చి దగ్గరుండి ఆసుపత్రికి తీసుకుపోతానని సహన మాట ఇచ్చి వచ్చింది.

శనివారం ఇంటికి వెళ్ళిన సహనకు ఆదివారానికి డెంగీ జ్వరం. సోమవారం పొద్దున ఆసుపత్రి మంచం మీద నుంచి నాకు ఫోన్ చేసింది.

"హేమా, నాకు డ్రిప్ పెట్టినారు. నువ్వు పోవాల. ఈరోజే పో, ప్లీజ్. మునెమ్మకు నేను మాట ఇచ్చినా."

"పోతాలే. నువ్వు పడుకో," అన్నాను.

అదే రోజు కోలారులో జిల్లా అధికారులతో మాకు అప్పటికప్పుడు సమావేశం పడింది. ఇలాంటివాటికి మేడమ్ వెంట ఎప్పుడూ సహనే వెళ్ళేది. ఆమె లేదు కాబట్టి మేడమ్ నన్ను రమ్మన్నారు. పాప సంగతి ఆవిడకు ఇంకా తెలియదు. ఒక్క మాట చెబితే సరిపోయేది, ఎవరినో ఒకరిని పంపించేవారు. నేను చెప్పలేదు. చెబితే దారంతా సహన గురించే మాట్లాడతారని తెలుసు. పురుగుల పని ఎలాగూ అయి ఉండదు, ఒక్కరోజులో ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకున్నాను. దాని అడుగున ఇంకొకటి ఉంది. ఒక్క తల్లి దగ్గరైనా సహన మాట తప్పనీ అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

పదిన్నర నుంచి రెండు దాకా సమావేశం. ఐదు నిమిషాలు నేనూ మాట్లాడాను. బాగానే మాట్లాడాను. మధ్యలో అందరినీ నిలబెట్టి ఫోటో తీశారు. మేడమ్ పక్కనే నేను.

సాయంత్రం సహన నుంచి మెసేజ్ వచ్చింది, వెళ్ళావా అని. వెళ్ళాను, పాప బాగానే ఉంది, రెండు రోజుల్లో ఆసుపత్రికి వస్తామన్నారు అని జవాబు పెట్టాను. రాయడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

మంగళవారం తెల్లవారేసరికి నాకు భయం పట్టుకుంది. మొదటి బస్సుకే కామసముద్రం వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. ఆ పల్లెలో నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఊరి మొదట్లో పాలు పోయించుకునే ఆయన్ని మునెమ్మ ఇల్లెక్కడ అని అడిగాను.

"నిన్న వచ్చి పోయినావు గదమ్మా. అప్పుడే దారి మర్సిపోతివా?" అన్నాడు.

నన్ను సహన అనుకుంటున్నాడేమో అనుకున్నాను. ఆమెకూ నాకూ ఎక్కడా పోలిక లేదు. నేను పొట్టి, నాకు నడుము దాకా జడ. అయినా అలాగే అనుకుని ముందుకు నడిచాను.

మునెమ్మ అత్త వాకిట్లో ఉంది. చంద్రికలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. నన్ను చూడగానే లేచి చాప పరిచింది.

"వచ్చినావా తల్లీ. పాప ఎట్లుండాది? పాలు తాగతా ఉండాదా?"

మునెమ్మ ఎక్కడ, పాప ఎక్కడ అని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"నువ్వే గదమ్మా నిన్న పిల్చుకోని పోయింది."

"అది సహన ఏమో అవ్వా. కళ్ళద్దాలు పెట్టుకుంటుంది, పొడుగ్గా..."

"ఆయమ్మ శుక్రవారం వచ్చినాది. నిన్న వచ్చింది నువ్వే. నా పక్కన కూచోని రెండు తట్టల పురుగులు ఏరినావు. పక్కింటోళ్ళని నువ్వే పోయి తోడు పిల్చుకొస్తివి. ఇంగ లెయ్ మునెమ్మా, ఈడ పని అయిపోతాది అంటివి. నాకేమీ మతి పోలేదమ్మా."

పక్కింటి ఆమె గోడ మీద నుంచి అవునంది. నన్ను చూసి నవ్వింది కూడా.

నేను పట్టుపురుగును ముట్టుకోలేను. చిన్నప్పుడు బళ్ళో ఒక పిల్ల మల్బరీ ఆకు మీద పురుగును తెచ్చి నా చేతిలో పెడితే కళ్ళు తిరిగి పడిపోయాను. ఆ ఇంట్లోనూ చంద్రికల వైపు చూడకుండా, ఆమె వైపే తిరిగి నిలబడ్డాను.

అక్కడి నుంచి నేరుగా కేజీఎఫ్ ఆసుపత్రికి వెళ్ళాను. పిల్లల వార్డులో చివరి మంచం. గౌరి ముక్కులో గొట్టం పెట్టి ఉంది, నిద్రపోతోంది. మునెమ్మ లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేను ఆమెను చూడటం అదే మొదలు.

"ఇంగొక దినం అయింటే మా చేతిలో ఉండేది కాదని డాక్టరు సారు అనె. నువ్వు రాకపోయింటే ఏమై పోయిండునో." ఆమె నా చేతులు వదల్లేదు. "బస్సులో పాపను దారంతా నువ్వే ఎత్తుకోనుంటివి. నాకు ఏడుపొస్తే ఏందేందో చెప్పి నగిస్తివి."

ఆరు నెలల్లో నేను ఏ తల్లినీ నవ్వించింది లేదు.

నర్సు కూడా నన్ను గుర్తుపట్టింది. పిల్లల్ని చేర్చుకునే రిజిస్టరు ఒకసారి చూపించమని అడిగాను. ఆ పేజీ అంతా కన్నడంలో ఉంది. గౌరి వరసలో, తీసుకొచ్చినవారి సంతకం దగ్గర మాత్రం తెలుగు అక్షరాల్లో హేమలత అని ఉంది. తెలుగు అక్షరాలు నాకు ఇంట్లో నాన్న నేర్పారు. ఆ జిల్లాలో చదువుకున్నవాళ్ళు తెలుగులో సంతకం పెట్టడం అరుదు. త కింద తోక నేను లాగినట్టే పొడుగ్గా లాగి ఉంది. కింద నా ఫోన్ నంబరు. టైము పదకొండు నలభై.

కోలారు ఫోటో నా ఫోన్లోనే ఉంది. పదకొండు ముప్పయ్యారుకు తీసినది. అక్కడి నుంచి ఈ ఆసుపత్రికి బస్సులో గంట పైనే పడుతుంది. వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఆ ఫోటో ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. అందులో నేను నవ్వుతున్నాను.

విచిత్రమేమిటంటే, నేను ఎవరికీ ఇంకో అబద్ధం చెప్పాల్సిన పని కూడా పడలేదు. పాప ఆసుపత్రిలో చేరిందని తెలిసి ఎవరి కారణం వాళ్ళే వెతుక్కున్నారు. నా పక్కన కూర్చునే ఫోన్లో అన్నీ ఏర్పాటు చేశావా అని మేడమ్ మెచ్చుకున్నారు. నా పేరుతో ఎవరో ఊరి మనిషిని పంపానని ఆవిడ అనుకున్నారు. సహన ఫోన్ చేసి ఏడ్చింది.

"నాకు టెన్షన్ కాకూడదని అట్ల మెసేజ్ పెట్టినావా? నీకు నేనంటే ఇష్టం లేదు, నువ్వు పోవేమో అని భయపడినా హేమా. తప్పుగా అనుకున్నా. సారీ."

నేను ఊఁ అన్నాను.

గౌరి మూడు వారాలకు కోలుకుని ఇంటికి వెళ్ళింది. బెంగళూరులో పెద్ద సమావేశంలో మేడమ్ ఆ సంఘటన చదివారు. ఈసారి నా పేరు మొదట్లోనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. సన్నగా చిక్కిపోయిన సహన అందరికన్నా ఎక్కువసేపు కొట్టింది. ఇన్ని నెలలు నేను కుళ్ళుకున్నది దీనికోసమే. వచ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొన్ని నెలలకు కామసముద్రం దగ్గర గురువారాలు పిల్లల డాక్టరు కూర్చోవడం మొదలైంది. అది మాత్రం నిజంగా మంచి జరిగింది.

ఇంటర్న్‌షిప్ ముగిసే వారం, ఆఫీసు మెట్ల మీద కూర్చుని సహనకు మొత్తం చెప్పాను. కోలారు ఫోటో చూపించాను. ఆమె ఆ ఫోటో గురించి అడగలేదు.

"పాప పోయింటే?" అంది.

లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, "మునెమ్మ అబద్ధం చెప్పదు. నువ్వూ ఇప్పుడు చెప్పడం లేదు. ఇంగ నాకు తెలీదు," అంది. ఇప్పటికీ మేము ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటాం. ఆమె మీద అసూయ ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు.

నాన్నకు ఆ రోజు ఫోన్లో తీసుకున్న రిజిస్టరు పేజీ ఫోటో, నా పాత నోటుపుస్తకం ఇచ్చాను. రెండు రోజులు పక్కపక్కన పెట్టుకుని చూశారు. "ఇది నీ రాతే," అని తిరిగి ఇచ్చేశారు. నాలాంటి మనిషి ఇంకొకామె ఉందేమో అని నేనూ విచారించాను. ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ టీచరును, బస్సు కండక్టరును అడిగాను. మొదటి ఇద్దరూ వచ్చింది నువ్వే అన్నారు. కండక్టరు ఒక్కడే సరిగా జ్ఞాపకం లేదన్నాడు.

పోయిన నెల మళ్ళీ ఆ ఊరికి వెళ్ళాను. గౌరి వాకిట్లో కోడిపిల్లల వెంట పరుగెడుతోంది. మునెమ్మ ఉడికించిన శనక్కాయలు పెట్టింది. పంట ఎలా ఉంది, వాన పడిందా, అని నాకు తోచినవన్నీ అడిగాను. అన్నిటికీ మర్యాదగా జవాబిచ్చింది.

"ఆ దినం ఎంత బాగా మాట్లాడినావమ్మా నువ్వు," అంది మునెమ్మ, శనక్కాయ పొట్టు తీస్తూ. "ఇప్పుడు ఎప్పుడు వచ్చినా కొత్తోళ్ళ మాదిరి కూచుంటావు."

ఆ రోజు ఏం మాట్లాడానో చెప్పమని అడగాలనుకున్నాను. అడగలేకపోయాను. నేను గడప దాటిన ప్రతిసారీ మునెమ్మ ముందు సంతోషంగా లేస్తుంది, తరువాత నా మొహంలో ఎవరికోసమో కొంచెంసేపు వెతుకుతుంది. ఆమె వెతికే ఆ మనిషి మీద కుళ్ళుకున్నంతగా సహన మీద కూడా నేను ఎప్పుడూ కుళ్ళుకోలేదు. ఆ సోమవారం ఆ ఇంటికి వెళ్ళింది ఎవరో నాకు తెలియదు.