సముద్రంలో పుట్టిన మలుగు, మా వదిన

మా పాపకు డాక్టరేటు వచ్చింది! ముందు ఈ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడదు, చదివేవాళ్లు మన్నించాలి. నిజానికి ఇది మా వదిన గురించి రాస్తున్న నాలుగు మాటలు. ఆమె మొన్న తెల్లవారుజామున పుంగనూరులో కన్నుమూసింది. మధ్యాహ్నం సాగనంపి వచ్చాం. చావింట్లో వెళ్లొస్తామని చెప్పకూడదు కాబట్టి చుట్టాలంతా చెప్పకుండానే బస్సులెక్కి వెళ్లిపోయారు. మేం స్నానాలు చేసి తడి తలలతో వసారాలో కూర్చుని ఉండగా ఫోను మోగింది. పాపను అంతకుముందే ప్రశ్నలడిగి పంపిన యూనివర్సిటీ వాళ్లు. పాప తీసి మాట్లాడింది. మాట్లాడి, నా పక్కకు వచ్చి కూర్చుంది. "నాయనా, ఒప్పుకున్నారు. అయిపోయింది" అంది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఎదురుగా చూస్తే వదినను పడుకోబెట్టిన చోట, తలాపున పెట్టిన దీపం. ఇంత సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నేను మదనపల్లెలో మగ్గం నేసినవాణ్ణి. చదువు ఐదో తరగతితో సరి. వదిన మా అన్న భార్య, పుంగనూరులో ఆడపిల్లల హైస్కూలు సైన్సు టీచరు. వాళ్లకు పిల్లలు లేరు. మా పాప హైస్కూలుకు వచ్చినప్పటి నుంచి వాళ్లింట్లోనే ఉండి చదివింది. కన్నది మేమైతే కళ్లు తెరిపించింది ఆమె. ఈ మాట నేను మా ఆవిడ ఎదుట కూడా అంటాను, ఆమె కూడా ఔననే అంటుంది.

మా వైపు చేప తెస్తే తలకాయ ఇంటి పెద్ద మగవాడికి పెడతారు. వదిన ఇంట్లో మాత్రం ఆ తల ఆమె చేతిలో నుంచి పోవాల్సిందే. తలకు వేసుకునే పిన్నుతో ఉడికిన తలను విప్పి, లోపల నుంచి నూకగింజల్లాంటి రెండు తెల్లటి రాళ్లు తీసేది. మా అన్న కంచం ముందు కూర్చుని గోల పెట్టేవాడు.

"ఇంటికి పెద్దోణ్ణి నేను. నాకు రావాల్సిన తలకాయకు ఆపరేషన్ చేస్తాండావే!"

"ఉండబ్బా, రాయి తీసి ఇస్తాను. అది కొరికి పన్ను ఇరిగితే ఆస్పత్రికి నేనే గదా తిరగాల్సింది."

ఆ రాళ్లు పాప అరచేతిలో పెట్టి, "ఇది చేప చెవిలో రాయి పాపా. మానుకు వరసలు పడినట్ల దీనికీ పడతాయి. పుట్టినప్పటిది నడిమధ్యలో ఉంటాది, నిన్నటిది అంచున ఉంటాది. చేప బతుకంతా దీంట్లోనే" అనేది. పాప ఆ రాళ్లను దీపానికి అడ్డం పెట్టి చూసేది. అన్నం చల్లారిపోయేది.

వదిన పుట్టిల్లు కుప్పం దగ్గర, పాలారు ఏటి వైపు పల్లె. అక్కడి చెరువులో నీళ్లు ఇంకేటప్పుడు బురదలో మలుగులు దొరుకుతాయి. పాములా పొడుగ్గా, చేతికి నిలవకుండా జారిపోయే చేప. అది సముద్రంలో పుడుతుందని, దారపు పోగంత పిల్లగా ఉన్నప్పుడే ఏటికి ఎదురీది మన చెరువులకు వస్తుందని వదిన బళ్లో పిల్లలకు చెప్పేది. ఒక పెళ్లి బంతిలో ఈ మాట చెప్తే ఆమె తమ్ముడు విస్తరి ముందు పగలబడి నవ్వాడు. అతను ఆ చెరువు కిందే సేద్యం చేస్తాడు.

"సముద్రం యాడ, మన చెరువు యాడక్కా? మలుగు రైలెక్కి వచ్చి కుప్పంలో దిగిందా? టికెట్టు తీసుకునిందా లేదా?"

బంతి బంతంతా నవ్వింది. ఆ తర్వాత ఏ శుభకార్యానికి పోయినా ఎవరో ఒకరు, "టీచరమ్మా, రైలెక్కిన మలుగు బాగుండాదా?" అనేవారు. వదిన కూడా నవ్వేది, కానీ ఆ పూట సరిగా తినేది కాదు. ఒకసారి నేను కోపం తెచ్చుకుంటే, "నవ్వనీలే అప్పా. నేను పుస్తకంలో చదివిందే గానీ కంటితో సూడలే. సూడందాన్ని గట్టిగా ఎట్ల చెప్పేది?" అంది. ఆ చూడటమే ఆమెకు మిగిలిపోయిన కోరిక.

పాప పెద్ద చదువుకు పోయి ఈ చెవిరాళ్ల మీదే పరిశోధనకు కూర్చుంది. నాకు అర్థమైనంత చెప్తాను. ఉప్పునీళ్లలో స్ట్రాన్షియం అనే పదార్థం ఎక్కువగా ఉంటుందట, మంచినీళ్లలో తక్కువట. చేప ఏ నీళ్లలో ఉంటే ఆ నీళ్ల గుర్తు ఆ రోజుల్లో పెరిగిన వరసలో నిలిచిపోతుందట. వరస వరసా పరీక్ష చేస్తే చేప ఎక్కడ పుట్టింది, ఎప్పుడు నీళ్లు మారింది తెలిసిపోతుంది. పాప మలుగు రాళ్లు కావాలని రాయగానే, అప్పటికే రిటైరైన వదిన కుప్పం పోయి మలుగులు తెచ్చి, రాళ్లు తీసి, దూదిలో చుట్టి పంపింది.

అవి పనికిరాలేదు. సెలవుకు వచ్చిన పాప తల పట్టుకుంది.

"పెద్దమ్మా, రాళ్ల నిండా బూడిద గుణమే తేలింది. పైపొర కరిగిపోయింది. ఏం చేసినావు?"

"ఏం చేస్తాను? మలుగును బూడిద, కల్లుప్పు వేసి తోమకుండా ఎవురైనా కోస్తారా? తలకాయ చింతపులుసులో నానబెట్టినాను, నీసు పోవాల గదా!"

అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పులుపు పడితే సున్నపురాయి కరుగుతాదని ఏండ్లకేండ్లు బోర్డు మీద రాసినాను పాపా, ఈ చెవిరాయీ సున్నమే గదా. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి మాయమ్మ నేర్పిందే చేతికి వచ్చింది."

అప్పటికే ఆమెకు గుండె జబ్బు. డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు. వినలేదు. చెరువు ఇంకే రోజుల్లో నన్ను తోడు తీసుకుని పుంగనూరులో బస్సెక్కి, పలమనేరులో మారి కుప్పం చేరింది. గట్టు మీద కూర్చుని ఆయాసపడుతూనే హుకుం. తమ్ముడు మోకాటి లోతు బురదలో నిలబడి గోనెపట్టతో మలుగును పట్టుకోబోయాడు. అది జారింది. వెంటనే అతనూ జారాడు.

"అక్కా, నీ సముద్రం సుట్టం నన్ను ముంచేస్తాండాది! పిడికెడు బూడిద ఇయ్యి!"

"బూడిద ముట్టుకున్నావంటే సూడు! ఇంగ నీ ఇంటి గడప తొక్కను!"

చివరికి గోనెపట్టలోనే బిగించి, ఉప్పు తగలకుండా, చెరువు నీళ్లతోనే కడిగి తలలు కోశాం. ఈసారి రాళ్లు నువ్వుగింజంత ఉన్నాయి. వదిన ఒక్కొక్కటీ తీసి, ఉత్త నీళ్లలో కడిగి ఆరబెట్టింది.

కొన్ని నెలలకు పాప ఒక బొమ్మ తెచ్చింది. రాయిని నడిమికి అరగదీసి తీసినదట. మధ్యలో చుక్క తెల్లగా మెరుస్తోంది, అది ఉప్పునీటి గుర్తు. దాని చుట్టూ వరసలన్నీ మసక, అది మన చెరువు. వదిన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. ఆ తెల్లచుక్క మీద వేలు పెట్టింది. "ఇంత దూరం వచ్చినావా తల్లీ" అంది. పాపతో కాదు, ఆ మలుగుతో.

నేను అప్పుడే చెప్పులు తొడుక్కున్నాను, ఊరంతా చాటుదామని. ఆమె ఆపింది.

"తొందర పడొద్దప్పా. పెద్దోళ్లు పాపను కూర్చోబెట్టి అడుగుతారు. వాళ్లు ఒప్పుకోనీ. అప్పుడు నేనే పోయి చెప్తాను. నవ్వినోళ్ల ఇండ్లన్నీ నాకు తెలుసు."

ఒప్పుకున్నారు. ఆ తెల్లచుక్కను ఆమె కళ్లారా చూసింది, అది నా ధైర్యం. చెప్పడానికి మాత్రం ఒక పూట చాల్లేదు.

మైల రోజుల్లో శుభవార్త పట్టుకుని ఒకరి గడప తొక్కకూడదు. ఆ సంగతే మా అన్నను అడిగాను. ఆయన దీపంలో నూనె పోస్తూ, తలెత్తకుండానే అన్నాడు: "మైల మనకు. మాటకు మైల యాడిది? గడప బయటే నిలబడి చెప్పు. రేపే పో."

రేపు పోతున్నాను. పలమనేరులో మా చెల్లెలికి చెప్పాలి, ఆ బంతిలో నవ్వి నవ్వి ఆమెకు పొలమారింది కూడా. పెద్దపంజాణిలో మా మేనమామకు చెప్పాలి. ముసలాయన, వింటూనే ఏడుస్తాడు, కాసేపు ఉండాలి. అంగళ్లులో మా చిన్నాయన కొడుక్కి, అతని భార్యకు, ఇద్దరినీ కలిపి నిలబెట్టి చెప్పాలి. ఆఖరుకు కుప్పంలో వదిన తమ్ముడికి. అతనికి ఇంటి దగ్గర చెప్పను. చెరువు గట్టు మీదికి తీసుకుపోయి, నిండినప్పుడు నీళ్లు పొర్లి ఏటి వైపు పోయే చోట నిలబెట్టి, మొహం సముద్రం ఉన్న తూర్పుకు తిప్పి చెప్పాలి.