కామాటిపురలో చిన్నాయన బోర్డు

బొంబాయిలో బయటివాళ్లను బెదిరిస్తున్నారని విని, చిన్నాయనను ఊరికి తీసుకొద్దామని బయలుదేరాను. మిల్లుల సమ్మె చితికిపోయిన మరుసటి ఏడాది అది. మహబూబ్‌నగర్ నుంచి బస్సులో హైదరాబాదు, అక్కడ రాత్రి బండి. కూర్చునే చోటు షోలాపూర్ దాటాకే దొరికింది. పక్కనున్న మేస్త్రీ మూట విప్పి జొన్నరొట్టెలో సగం ఇచ్చాడు. "దాదర్ల దిగినంక తెలుగు జర మెల్లగ మాట్లాడు సారూ" అన్నాడు.

ఒంటిగంటకు దాదర్‌లో దిగి, బస్సెక్కి రెండింటికల్లా తెలుగువాళ్ల పాత పేట కామాటిపుర చేరాను. గల్లీలో సగం షట్టర్లు దించి ఉన్నాయి. చిన్నాయన దుకాణం మాత్రం తెరిచే ఉంది. పైన పెద్ద తెలుగు అక్షరాలు: 'బాలయ్య టైలర్'.

"నాలుగింటికల్ల తెలుగు బోర్డు తీయాలని మరాఠీ సంఘపోళ్లు అన్నరన్నా. నాయన వింటలేడు" అన్నాడు ఆయన కొడుకు నర్సింగ్.

"మా తాత రాళ్లు మోస్తే లేసిందిరా ఈ షహరు" అన్నాడు చిన్నాయన, ఒంటికాలితో మిషన్ తొక్కుతూనే. రెండో మోకాలు వంగదు. భాషలవారీగా రాష్ట్రాలు చేసినప్పుడు బొంబాయి ఎవరిదన్న పేచీ వచ్చింది. అది మరాఠీవాళ్లకే దక్కాలని మిల్లు కార్మికులు తీసిన ఊరేగింపులో ఆయనా నడిచాడు. ఆ రోజు తగిలిన లాఠీదెబ్బ అది. ఆ పాత పేచీయే, మిల్లులు మూతపడి పనులు పోయాక, మళ్లీ రాజుకుంది.

నాలుగింటికి అయిదుగురు వచ్చారు. ఒకడి చేతిలో ఇనపరాడ్. చిన్నాయన లేచి, ధోవతి పైకి లాగి మోకాలు చూపించి, మరాఠీలో ఊరేగింపు సంగతంతా చెప్పాడు. వాళ్లలో పెద్దవాడు తల దించుకున్నాడు. కుర్రవాడొకడు మాత్రం రాడ్‌తో షట్టర్ మీద తట్టి ఏదో అన్నాడు. నర్సింగ్ నా చెవిలో చెప్పాడు: "అప్పుడు దెబ్బలు తిన్నవ్, మంచిదే. రేపు పొద్దుగాల బోర్డు కనబడొద్దు అంటుండు."

మర్నాడు ఆరింటికి నర్సింగ్ నిచ్చెన, రంగుడబ్బా తెచ్చాడు. చిన్నాయన గబగబా నిచ్చెన దగ్గరికి నడిచాడు. లాగేస్తాడేమోనని నేను ముందుకు దూకబోయాను. ఆయన వంగి రెండు చేతులతో దాన్ని పట్టుకున్నాడు.

"పైమెట్టు ఊగుతది, పైలం బిడ్డా. అదే పేరు మరాఠీల రాయి."

"ఇంకెందుకిక్కడ? నాతో రా చిన్నాయనా" అన్నాను.

"నేనొస్తే, బయటోడినని ఆళ్లన్నదే నిజమైతది గదరా."

సాయంత్రం ఒక్కణ్నే బండెక్కాను. బడిలో పిల్లలకు రాష్ట్రాల సరిహద్దులు గీసి చూపించే పంతులును నేను. ఒక గీత కోసం దెబ్బలు తిన్నవాణ్నే ఆ గీత బయటికి నెట్టడం ఈ ప్రయాణంలోనే చూశాను.