నానమ్మ నడికట్టు

మా నానమ్మ ఊరికి మంత్రసాని. దుమ్ముగూడెం దగ్గర, గోదావరి ఒడ్డున ఉన్న మా ఊళ్లో నా ఈడు వాళ్లందరం ఆమె చేతుల్లో పడ్డవాళ్లమే. అందుకని ఎంతటి మీసాలవాడినైనా నడిబజారులో నిలబెట్టి తిట్టే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను తొలిచూలుకు పుట్టింటికి వచ్చాను. ఇల్లు మూడు పార్టీలైంది. భద్రాచలంలో డాక్టరమ్మ దగ్గరికే పోదామన్నాడు నాన్న. సబ్‌సెంటర్ సిస్టరమ్మ చాలంది అమ్మ. నానమ్మ మాత్రం పురిటికని నీళ్ల కాగు తళతళా తోమి ఎండలో బోర్లించింది. అదే ఆమె ఓటు.

నాకు భయమెక్కువ. డాక్టరమ్మే అన్నాను. నానమ్మ మూతి ముడుచుకుని ఆ పూట అన్నం ముట్టలేదు. తీరా నొప్పులొచ్చాక జీపులో అందరికంటే ముందెక్కి కూర్చుంది. "పురుడు పోసెటందుకు వస్తలేను, చూసెటందుకు వస్తున్న" అంది, ఎవరూ అడగకుండానే. దవాఖానాలో బయట కూర్చోమంటే కూర్చుంది గానీ, నా కేక వినబడ్డప్పుడల్లా తలుపవతల నుంచి ముక్కమని అరుస్తూనే ఉంది. డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాకు కూతురు పుట్టింది.

ఇంటికొచ్చాక మాత్రం నానమ్మ రాజ్యంలో పడ్డాను. నూనె, వేడినీళ్లు, సాంబ్రాణి పొగ, మంచం దిగితే తిట్లు. పాత చీరతో నా పొట్ట చుట్టూ నడికట్టు బిగిస్తూ రోజూ ఒకటే పాఠం: బాలింత కుదురుగా పడుకోకపోతే గర్భసంచి జారుతుంది, తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఒకరోజు అలా బిగిస్తూనే ఆమె పొత్తికడుపు పట్టుకుని కూలబడింది. లేపబోతే, చీర కింద నా చేతికి గట్టిగా ఏదో తగిలింది. ఆమె నడుముకూ నడికట్టుంది. మనవరాలికి బిడ్డ పుట్టిన మనిషికి! అమ్మను పిలవబోతే నా నోరు నొక్కేసింది.

"ఎప్పటి నుంచి నానమ్మా?"

"మీ నాయన పుట్టినప్పటి నుంచి."

నాన్న పుట్టిన మూడో రోజే, వాగవతల ఎవరికో పురుడు కష్టమైందని వచ్చి పిలిచారట. పోయిందట. అక్కడ తల్లీబిడ్డా బతికారు. తిరిగొస్తుంటే వాగు మధ్యలో తనకు కింద ఏదో జారినట్టయిందట. ఊరందరికీ చెప్పే పాఠం తానే పాటించలేదని తెలిస్తే నవ్వుతారని ఇన్నేళ్లూ కట్టు కట్టుకుని తిరిగింది. దీపం కింద చీకటి. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవడం ఇప్పుడు ఆమె వంతు. డాక్టరంటే కోత, వద్దంది. మంత్రసానికి చూపిద్దామంటే ఊళ్లో మంత్రసాని తానే. అప్పటికే జారిన చోట పుండు పడి రక్తం కనబడుతోంది. ఇంకా దాస్తే మనిషి దక్కదేమోనని నాకు భయం పట్టుకుంది. సిస్టరమ్మ పేరెత్తాను. ఇద్దరికీ క్షణం పడదు. ఇంట్లో పురుళ్లు పోయొద్దని ఆమె, బోనకల్ నుంచి నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల నాకు చెప్పేదేందని ఈమె. అయినా నానమ్మ ఒప్పుకుంది. "ఆ పిల్ల తిడుతది గాని, నలుగుర్ల చెప్పదు" అంది.

సిస్టరమ్మ చూసింది. తిట్టలేదు. చేతులు కడుక్కుని నానమ్మ పక్కనే కూర్చుంది.

"అవ్వా, ఇది నాతోని అయ్యే పని కాదు. డాక్టరమ్మకే చూపియ్యాలె. నేను వెంట వస్త."

'నాతో కాదు' అని చెప్పగలిగిన మనిషి మీద నానమ్మకు గురి కుదిరింది. లేచి చెప్పులేసుకుంది.

ఆపరేషనయ్యాక మంచం దిగితే తిట్టే పని నాకొచ్చింది. ఒక మంచం మీద పాప, ఒక మంచం మీద ముసలిది. నిజం చెప్పాలంటే పాపే నయం, అది ఎదురు తిట్టదు. ఆ రోజుల్లో ఆమెకు తల దువ్వుతుంటే నాకు ఎంత ముద్దొచ్చేదో.

ఒకరోజు పొద్దున్నే వాగవతలి నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు, భార్యకు నొప్పులొస్తున్నాయని. నానమ్మ దిగ్గున లేచి కూర్చుని ఒక కాలు కింద పెట్టింది. నేను నోరు తెరిచేలోపే ఆమె ఆగింది. మెల్లగా కాలు పైకి తీసుకుని దుప్పటి కప్పుకుంది.

"సిస్టరమ్మను పిలుచుకపో బిడ్డా, జల్దీ పో. నేను బాలింతను."