తిప్పి పంపని డబ్బా

నల్లపాడు అవతల ఆ చిన్న ఊళ్లో మార్చి అంటే దగ్గుల నెలే. కల్లాల్లో మిరపకాయలు ఎండుతుంటాయి. గాలి ఇటు తిరిగిందా, ఊరు ఊరంతా తుమ్మి, దగ్గి, కళ్లు తుడుచుకుని మళ్లీ పనిలో పడుతుంది. కొత్త కోడలు దగ్గితే "అలవాటవుద్దిలే" అంటారు. ముసలాయన దగ్గితే "ఘాటు" అంటారు. ఏ దగ్గు ఘాటుదో, ఏ దగ్గు రోగానిదో తేల్చే పని మాత్రం ఒక్క మనిషిది. ఆవిడ పేరు వెంకటేశ్వరమ్మ, ఆ ఊరి ఆశా కార్యకర్త.

పన్నెండో ఏట మిరపకాయల షెడ్డులో తొడిమలు తీయడానికి కూర్చున్న మనిషి. ఆ పని చేస్తూనే పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసైంది. ఆశా ఉద్యోగం వచ్చాక కూడా సీజన్లో మధ్యాహ్నాలు షెడ్డుకు పోయేది. నోటికి గుడ్డ కట్టుకోవే అంటే, "నాకు పట్టేదేముందే, మిరపకాయల్లోనే పుట్టా" అని నవ్వేది. నవ్వుతూ దగ్గేది. సంక్రాంతికి ముందు పట్టిన దగ్గు శివరాత్రి వెళ్లినా వదల్లేదు. ఎవరన్నా అడిగితే జవాబు సిద్ధం: "మిరపదగ్గమ్మా. కాయలైపోతే అదే పోద్ది."

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. రెండు వారాలు దాటిన దగ్గు కనపడితే పరీక్ష చేయించుకోమని ఇంటింటికీ తిరిగి గొంతు చించుకున్నది ఈవిడే కదా! గురివింద గింజకు తన నలుపు తెలియదన్న మాట ఊరికే పుట్టలేదు.

పనిలో మాత్రం ఆవిడకు వంక పెట్టలేం. క్షయ ఉందేమోనని అనుమానం వచ్చినవాళ్ల కళ్లె పట్టి, టౌను ఆసుపత్రి ల్యాబుకు చేర్చేది. ఊళ్లో ఆకతాయిలు కళ్లె డబ్బాల వెంకటేశ్వరమ్మ అని పేరు పెట్టినా ఆవిడ సిగ్గుపడలేదు. ఉమ్ము వేరు, కళ్లె వేరు. ఉమ్ము నోట్లోది, నీళ్లలా ఉంటుంది, దాంతో పరీక్ష సరిగ్గా తేలదు. కళ్లె రొమ్ము లోపలి నుంచి రావాలి. పొద్దున్నే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, కడుపు బిగబట్టి దగ్గాలి. ఎంత మొండివాళ్లతోనైనా ఆవిడ అలా దగ్గించేది. మిగతా ఊళ్ల డబ్బాలు "ఉమ్ము తెచ్చారు" అని వెనక్కి వచ్చేవి. "నా డబ్బా ఒక్కటీ తిప్పి పంపలేదు, అడుగు కావాలంటే" అని మీటింగుల్లో చెప్పుకునేది. అదొక్కటే ఆవిడ గర్వం.

ల్యాబులో నసీమున్నీసా ఉండేది. పదేళ్ల స్నేహం. గాజు పలక మీద కళ్లె పూసి, రంగులేసి, మైక్రోస్కోపులో చూసే రోజుల్లో ఒకసారి "రా అక్కా, చూద్దువుగాని" అని పిలిచింది. నీలం మీద సన్నటి ఎర్ర పుల్లల్లా క్షయ క్రిములు కనిపించాయి. "ఓసినీ, ఇవా? తీసి పారేసిన తొడిమల్లా ఉన్నయ్యే!" అంది వెంకటేశ్వరమ్మ. ఆ తర్వాత కొత్త మిషన్ వచ్చింది. పుల్లలు కంటికి కనపడనంత తక్కువగా ఉన్నా, వాటి ఆనవాలు పట్టుకుని గంటన్నరలో చెప్పేస్తుంది.

ఆ మార్చిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బక్కచిక్కినవాళ్లను, బాలింతలను కూడా పరీక్షించమన్నారు. జాబితాలో కోటి భార్య సౌజన్య పేరుంది. రెండు నెలల బాలింత, కాన్పు తర్వాత బాగా చిక్కింది. ఆ పసిగుడ్డు శ్రీరమ్యను పుట్టినప్పటినుంచీ వారం వారం తూకం వేస్తున్నది వెంకటేశ్వరమ్మే. పిల్లను గుండెకు హత్తుకుని, బుగ్గకు బుగ్గ ఆనించి, "నా బంగారుకొండా, వంద గ్రాములు పెరిగావే" అని మురిసిపోయేది.

సౌజన్యకు దగ్గే లేదు. అరగంట కూర్చోబెడితే డబ్బాలో చెంచాడు ఉమ్ము పడింది. నీళ్లు! "ఇంతే వస్తుంది పెద్దమ్మా" అని ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. వెంకటేశ్వరమ్మ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే డబ్బా గుర్తొచ్చి మనసు ఒప్పలేదు. ఇది కచ్చితంగా వెనక్కొస్తుంది. ఇన్నేళ్లలో మొదటిసారి. అప్పుడే దగ్గు తెర వచ్చింది, నోట్లోకి చిక్కటి కళ్లె వచ్చింది.

ఇక ఆవిడ ఆలోచన చూడండి. ఆ పిల్లకు రోగం లేదు. నాకూ లేదు, నాది మిరపదగ్గు. లేనిది ఎవరిదైతేనేం, రెండూ ఒకటే కదా! సంచిలోంచి ఇంకో డబ్బా తీసి, దాని మీద సౌజన్య పేరు రాసి, అందులో తన కళ్లె ఊసి, మూత బిగించి ఆటో ఎక్కింది. పాపం అనిపించలేదు. చేయి తిరిగిన పనిమంతురాలు అవకతవకను సర్దుకున్నట్టే అనిపించింది.

మర్నాడు పదిగంటలకు ఫోను మోగింది.

"అక్కా, మీ సౌజన్యకు పాజిటివ్ వచ్చింది," అంది నసీమున్నీసా.

"ఎవరికి?" అంది వెంకటేశ్వరమ్మ.

"సౌజన్యకక్కా. బాలింత కదా, నేనూ నమ్మలేక మిగిలిన కళ్లెతో మళ్లీ పెట్టా. రెండోసారీ అదే. కోటి ఫోనుకు కూడా చెప్పేశారంట. నువ్వు త్వరగా పో, భయపడుతుంటారు."

ఫోను చేతిలో పట్టుకుని అరుగు మీద చతికిలబడింది. మూడు నెలల దగ్గు, రాత్రిళ్లు చెమటకు తడిసే జాకెట్టు, వదులైన గాజులు, అన్నీ ఒక్కసారిగా వరసకట్టి ఎదురొచ్చాయి. వేరేవాళ్లలో చూస్తే అరనిమిషంలో పట్టేసేది కదా! ఓరి దేవుడా, ఎంత పని చేశానురా అని నెత్తి కొట్టుకుంది.

కోటి ఇంటికి పరుగున పోతే వాకిట్లోనే పసిదాని ఏడుపు వినపడింది. సౌజన్యను వంటింటి వెనక చావడిలో కూర్చోబెట్టారు. కంచం వేరు, గ్లాసు వేరు, చాప వేరు. ఆ పిల్ల జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. అత్త సామ్రాజ్యం పసిదాన్ని ఎత్తుకుని సీసా నోట్లో కుక్కుతోంది, అది మూతి తిప్పుకుని కేర్‌మంటోంది.

"రా తల్లీ, చూశావా మా ఖర్మ! ఆరు నెలలు మందులంట. పిల్లని తాకనిచ్చేదే లేదు, పుట్టింటికి పంపిస్తా," అంది సామ్రాజ్యం.

"పాలియ్యొచ్చొదినా, మందులు మింగుతా కూడా..." అని మొదలుపెట్టి వెంకటేశ్వరమ్మ ఆగిపోయింది.

దారి ఒకటి కనిపిస్తోంది. మిషన్ పొరపాటు, మళ్లీ చేయిద్దామంటే సరి. ఈ పిల్లకు లేదని తేలుతుంది. తన మందులేవో తను చాటుగా తెచ్చుకుంటుంది. ఉద్యోగం నిలుస్తుంది, పరువు నిలుస్తుంది. ఒక్క అబద్ధం చాలు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

చావడిలోంచి సౌజన్య పిలిచింది. "పెద్దమ్మా, నేను ఉమ్మింది చెంచాడే కదా. అందులోనే అంతుందా? మరి నా పాలల్లో? ఇన్నాళ్లూ నా బిడ్డకి నేనే పోశానా?"

వెంకటేశ్వరమ్మ పసిదాని వంక చూసింది. ఆ బుగ్గ. వారం వారం తను మొహం ఆనించిన బుగ్గ. ఈ బిడ్డ మీద దగ్గింది ఎవరు? తల్లి కాదే! చేను కాయాల్సిన కంచే చేను మేసింది. చెంగు ముక్కుకూ నోటికీ అడ్డంగా బిగించి, వెనక్కి నడిచి, వాకిలి దాటి వీధిలో నిలబడింది.

"ఏందమ్మా, ఎటు పోతన్నావ్?" అంది సామ్రాజ్యం.

"ఒదినా, పిల్లని తల్లికియ్యి. ఆ కళ్లె సౌజన్యది కాదు. నాది."

"నీదేంది?"

"డబ్బా వెనక్కొస్తదని నేనే ఊశా. నాకేం లేదనుకున్నా. రోగం నాకుంది ఒదినా, నీ కోడలికి కాదు!"

సామ్రాజ్యం పసిదాన్ని తీసుకెళ్లి సౌజన్య ఒళ్లో పడేసి, వాకిట్లోకొచ్చి తిట్లు లంకించుకుంది. "ఓసి నీ చేతులు పడిపోను! ఈ చేతుల్తోనేనా నువ్వు నా మనవరాలిని ఎత్తుకుంది! వారం వారం మొహాన మొహం పెట్టి..." వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. లోపల పసిదాని ఏడుపు ఆగేదాకా వెంకటేశ్వరమ్మ అక్కడే నిలబడి అన్నీ పడింది. తర్వాత ఆటో ఎక్కింది.

ల్యాబులో నసీమున్నీసా అంతా విని, రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. "అల్లా! ఎంత పని చేశావక్కా!" అంది. కొత్త డబ్బా ఇచ్చింది. జీవితంలో మొదటిసారి వెంకటేశ్వరమ్మ డబ్బా మీద తన పేరు రాసుకుంది.

"సౌజన్యది కూడా మళ్లీ సరిగ్గా పడదాం," అంటూ నసీమున్నీసా కాగితం తీసింది. అది వెంకటేశ్వరమ్మకు తెలిసిన కాగితమే, ఎన్ని ఇళ్లలో కూర్చుని నింపిందో. "అక్కా, అడగాలి తప్పదు. అయిదేళ్లలోపు పిల్లలు ఎవరైనా నీకు దగ్గరగా మెలిగారా? వాళ్లందర్నీ చూడాలి, మందెయ్యాలి."

"శ్రీరమ్య," అంది వెంకటేశ్వరమ్మ. "సౌజన్య కూతురు. రెండు నెలలు."

తర్వాత పేర్లు ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయింది. తను తూకం వేసినవాళ్లు, టీకాలకు ఎత్తుకెళ్లినవాళ్లు, ఒళ్లో పెట్టుకుని చుక్కలు వేయించినవాళ్లు. పద్నాలుగో పేరు రాశాక గళ్లు అయిపోయి నసీమున్నీసా పెన్ను ఆగింది.

"ఇంకా ఉన్నారా అక్కా?"

"ఉన్నారు," అంది వెంకటేశ్వరమ్మ, చెంగు నోటి మీంచి తీయకుండానే. "కాగితం తిప్పు."